తాళం చెవి ఎవరి చేతిలో ఉంది?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... ఒడిశా సరిహద్దు పట్టణాల్లో తెలుగువాళ్ళు నాలుగు వీధులు ఉన్నచోటల్లా ఏదో ఒక సంఘం కనిపిస్తుంది. ఒకటి ఉగాదికి కవి సమ్మేళనం పెడుతుంది, ఒకటి రక్తదాన శిబిరం నడుపుతుంది, ఇంకొకటి సాయంత్రం పూట పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతుంది. చాలా సంఘాల్లో జరిగేది ఒకటే. మొదటి ఏడాది కుర్రాళ్ళు, అమ్మాయిలు గుంపుగా వస్తారు. రెండో ఏడాదికి సగం మంది తగ్గిపోతారు. మూడో ఏడాదికి మళ్ళీ ఆ పాత పెద్దలే నలుగురు మిగులుతారు. "ఈ కాలం పిల్లలకు సేవాభావం లేదండీ" అని మీటింగులో ఒకరు బాధపడితే మిగతావాళ్ళు తల ఊపుతారు.

ఈ బాధ నిజమైనదే కానీ, చెప్పే కారణం నిజం కాదు. ఆ పిల్లలే, ఆ వీధుల్లోనే, మరో పనికి రాత్రింబవళ్ళు నిలబడటం బరంపురంలో ఎవరైనా చూడవచ్చు. అక్కడ రెండేళ్లకోసారి చైత్రమాసంలో బుఢీ ఠాకురాణి జాతర వారాల తరబడి జరుగుతుంది. అమ్మవారు దేశిబెహరా ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి వస్తుందని నమ్మకం. దేశిబెహరా అంటే డేరాల కులపెద్ద. ఈ డేరాలు తెలుగు మూలాలున్న చేనేత కుటుంబాలవాళ్ళు. ఆ రోజుల్లో వీధుల్లో పురాణ ఘట్టాలతో రథాలు నిలబెడతారు, మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు, ఆడవాళ్ళు ఘటాలు ఎత్తుకుని ఊరేగింపుగా వెళ్తారు. రథం దగ్గర పనిచేసే కుర్రాడికి ఎవరూ జీతం ఇవ్వరు, ప్రశంసాపత్రం కూడా ఇవ్వరు. అయినా తెల్లవారుజాము దాకా వెదుళ్ళు కడుతూ ఉంటాడు. ఎందుకంటే ఈసారి ఏ ఘట్టం పెట్టాలన్న వాదనలో అతనూ ఉన్నాడు. చందా పుస్తకం అతని స్నేహితుల చేతిలోనే ఉంది. పక్క వీధి రథం కంటే తమది బాగా రాకపోతే పోయేది తమ పరువే.

అదే కుర్రాడు సంఘం కార్యక్రమానికి వస్తే అతనికి దొరికే పని ఏమిటి? కుర్చీలు వేయడం, బేనరు కట్టడం, వక్తలకు మంచినీళ్ళ సీసాలు అందించడం, చివర్లో కుర్చీలు మడవడం. ఎవరిని పిలవాలి, ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి, మిగిలిన డబ్బు దేనికి వాడాలి అనే విషయాలు అతను రాకముందే తేలిపోయి ఉంటాయి. పని చిన్నదని అతను బాధపడడు. రథం దగ్గర ఇంతకంటే చిన్న పనులే చేశాడు. సంఘంలో తన మాటకు చోటు లేదు, తాను రాకపోయినా ఏమీ ఆగదు. ఆ సంగతి అర్థమయ్యాక రావడం మానేస్తాడు.

పెద్దల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం ప్రాంతం, పర్లాకిమిడి పట్టణం అటు వెళ్ళాయి. అక్కడి తెలుగువాళ్ళు ఒక్కసారిగా మరో రాష్ట్రంలో అల్పసంఖ్యాకులయ్యారు. అప్పటినుంచి బడి కోసం, గ్రంథాలయం కోసం, సభ పెట్టుకునే హాలు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిందీ, సొంత డబ్బు పెట్టిందీ ప్రతి తరంలోనూ కొద్దిమందే. అలా కాపాడుకొచ్చిన దాన్ని ఇరవై ఏళ్ల పిల్లల చేతికిస్తే పోతుందేమోనన్న భయం వాళ్ళలో ఉంటుంది. ఆ భయాన్ని అహంకారం అనడం అన్యాయం. కానీ ఆ భయం వల్లే బీరువా తాళం, బ్యాంకు పాసుబుక్కు, అతిథుల ఫోన్ నంబర్లు అన్నీ ఒకరిద్దరి దగ్గరే ఉండిపోతున్నాయి. వాళ్ళు మంచాన పడితే సంఘమూ మంచాన పడుతోంది.

మనసు ఎందుకు విరుగుతుంది

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసీ 1971లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ విషయంలో బాగా పనికొస్తుంది. విద్యార్థులకు సోమా అనే ముక్కల పజిల్ ఇచ్చారు. కొంతమందికి మధ్యలో ఒక విడత మాత్రం, పూర్తిచేసిన ప్రతి పజిల్‌కూ డబ్బు ఇచ్చారు. మరో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. తర్వాతి విడతలో డబ్బు ఆపేసి, ఖాళీ సమయంలో ఎవరు ఏం చేస్తారో గమనించారు. డబ్బు తీసుకున్నవాళ్ళకు పజిల్ మీద ఆసక్తి అంతకుముందుకన్నా తగ్గింది. ఇష్టంగా చేసే పనికి బయటి ప్రతిఫలం తగిలిస్తే లోపలి ఇష్టం సన్నగిల్లవచ్చని దీనివల్ల తెలిసింది. తర్వాత డెసీ, రిచర్డ్ రయాన్ కలిసి దీన్ని ఒక సిద్ధాంతంగా విస్తరించారు. మనిషి ఒక పనిలో మనస్ఫూర్తిగా నిలబడాలంటే మూడు అవసరాలు తీరాలని వాళ్ళు చెప్పారు. తన నిర్ణయంతో చేస్తున్నానన్న భావం ఒకటి, ఈ పని తనకు చేతనవుతోందన్న నమ్మకం రెండోది, తోటివాళ్ళతో అనుబంధం మూడోది.

మన సంఘాల్లో అనుబంధానికి కొదవ లేదు. అన్నా, తమ్ముడూ, బాబాయి గారూ అనుకునే చనువు ఉంది, కలిసి భోంచేసే అలవాటు ఉంది. మిగతా రెండూ లోపిస్తున్నాయి. వాటి స్థానంలో ఏడాది చివర ఒక శాలువా, ఒక జ్ఞాపిక ఇస్తున్నారు. శాలువా తప్పని కాదు. నిర్ణయంలో వాటా ఇవ్వాల్సిన చోట శాలువా ఇవ్వడమే తప్పు.

ఇంకో పరిశీలన అంతకంటే పాతది. ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ తాడు లాగే మనుషుల బలాన్ని కొలిచాడు. లాగేవాళ్ళ సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. 1913లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. కలిసి లాగడంలో సమన్వయం కుదరకపోవడం కొంత కారణం. కానీ తర్వాతి పరిశోధకులు చప్పట్లతో, అరుపులతో ఇలాంటివే మరిన్ని ప్రయోగాలు చేసి, గుంపులో ఎవరు ఎంత చేశారో తెలియనప్పుడు మనిషి తనకు తెలియకుండానే జోరు తగ్గిస్తాడని తేల్చారు. ఎవరి వంతు ఎంతో విడిగా తెలిసేలా చేసినప్పుడు ఆ తగ్గుదల చాలావరకు పోయింది.

వాట్సాప్ గ్రూపులో "రేపటి శిబిరం పనులు అందరూ చూసుకోండి" అని మెసేజ్ పెడితే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. గ్రూపులో రెండొందల మంది ఉంటారు, నలభై నమస్కారం గుర్తులు వస్తాయి, పొద్దున్నే హాలు తలుపు తీసేవాళ్ళు ఉండరు. ఆ రెండొందల మందీ సోమరులు కారు. ప్రతి ఒక్కరూ ఇంకొకరు చూసుకుంటారనే అనుకున్నారు. అదే మెసేజ్‌లో "దాతల నమోదు బల్ల ఫలానా ఇద్దరిది, వాళ్ళు చెప్పినట్టే మిగతావాళ్ళు నడవాలి" అని ఉంటే ఆ ఇద్దరూ రాత్రే ఫోన్లు చేసుకుంటారు.

తీరం నేర్పిన పాఠం

బాధ్యత పంచడం ఎంత ప్రాణావసరమో గంజాం తీరానికి తెలిసినంతగా మరో చోటికి తెలియదేమో. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని తాకిన పెనుతుపానులో దాదాపు పది వేలమంది చనిపోయారు. ఆ విషాదం తర్వాత రాష్ట్రం విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. తీరం పొడవునా వందల సంఖ్యలో తుపాను ఆశ్రయ భవనాలు కట్టింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గంజాం జిల్లా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అప్పటికి పది లక్షల మంది దాకా సురక్షిత ప్రాంతాలకు చేరిపోయారు. ఆస్తినష్టం అపారంగా జరిగినా మరణాలు పదుల సంఖ్యలోనే ఆగాయి. వాతావరణ శాఖ ముందస్తు హెచ్చరికలు, యంత్రాంగం కదిలిన తీరు ఇందుకు ముఖ్య కారణాలు. కానీ ఆఖరి మైలు దగ్గర, అంటే "మా ఇల్లు వదిలి రాం" అని కూర్చున్న ముసలమ్మను ఒప్పించి తీసుకురావడం దగ్గర పనిచేసింది ఊరివాళ్ళే.

ఈ ఆశ్రయ భవనాల నిర్వహణలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. భవనం కట్టి తాళం తహసీల్దారు ఆఫీసులో పెట్టుకోలేదు. ఊరి కమిటీకి అప్పగించారు. మామూలు రోజుల్లో దాన్ని ఊరి అవసరాలకు వాడుకోవచ్చు, వచ్చిన అద్దె నిర్వహణకు వాడుకోవచ్చు. వలంటీర్లను జట్లుగా విడదీసి శిక్షణ ఇచ్చారు. వెతికి రక్షించేవాళ్ళు ఒక జట్టు, ప్రథమ చికిత్స చేసేవాళ్ళు ఒక జట్టు, ఆశ్రయంలో తిండి, నీళ్ళు, దీపాలు చూసుకునేవాళ్ళు ఒక జట్టు. జనరేటర్, చెట్లు కోసే రంపం, స్ట్రెచర్ లాంటి సామాను అక్కడే ఉంటుంది. ఏటా మాక్ డ్రిల్ జరుగుతుంది. తుపాను లేని రోజుల్లో కూడా ఆ జనరేటర్ ఆడుతోందా లేదా అని చూసే మనిషి ఉంటేనే తుపాను రాత్రి దీపం వెలుగుతుంది. సంవత్సరమంతా పట్టించుకునే మనిషి కావాలంటే అది తనదనుకునే మనిషి కావాలి.

2020లో యునెస్కోకు చెందిన సముద్ర విజ్ఞాన కమిషన్ ఒడిశాలోని రెండు ఊళ్ళను సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్ళుగా గుర్తించింది. జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి ఒకటి, గంజాం జిల్లా వెంకట్రాయిపూర్ రెండోది. నోలియాలు అని ఒడియావాళ్ళు పిలిచేది తెలుగు మాట్లాడే మత్స్యకారులనే. గంజాం తీరంలో వాళ్ళ పల్లెలే ఎక్కువ. గుర్తింపు రావాలంటే నీళ్ళు ఎంత లోపలికి వస్తాయో చూపే పటం ఉండాలి, తప్పించుకునే దారుల్లో బోర్డులు ఉండాలి, హెచ్చరిక ఏ వేళ వచ్చినా అందుకుని ఊరికి చెప్పే ఏర్పాటు ఉండాలి, జనం కలిసి డ్రిల్ చేయాలి. వీటిలో ఏదీ బయటివాళ్ళు వచ్చి ఒక్కరోజులో చేసిపోయేది కాదు. ఏ ఇంట్లో నడవలేని మనిషి ఉందో, ఏ ఇంట్లో నిండు గర్భిణి ఉందో, ఎవరి పడవ ఇంకా సముద్రంలో ఉందో ఊరివాళ్ళకే తెలుస్తుంది. "ఆ మామ్మను తీసుకొచ్చే పని నీది" అని ఒక కుర్రాడికి పేరుపెట్టి చెబితేనే కాగితం మీది ప్రణాళిక కదులుతుంది.

కొండ ప్రాంతానికి కావలసిన జ్ఞానం వేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటాక గజపతి జిల్లా కొండల్లో వర్షాలు దంచికొట్టాయి. కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఏ వాలు జారుతుంది, ఏ గెడ్డ (కొండవాగు) ఎంతసేపట్లో పొంగుతుంది అన్నది అక్కడి సవర ఆదివాసీల ఊళ్ళకు తెలుసు. తీరం నుంచి తెచ్చిన ప్రణాళికను అక్కడి వలంటీర్ల చేతిలో పెట్టి అమలు చేయమంటే వాళ్ళ తెలివి వాడుకోనట్టే.

తుపాను సంగతి అలా ఉంచితే, ఇదే గంజాం తీరంలో రుషికుల్య నది ముఖద్వారం దగ్గర చాలా ఏళ్ళలో లక్షల ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. 2023లో వాటి సంఖ్య ఆరు లక్షలు దాటింది. ఈ సామూహిక గుడ్లు పెట్టే చోటు సంగతి 1994లో శాస్త్రవేత్తలు లోకానికి తెలియజేశారు. పురుణబంధ, గోఖర్‌కుడా, పొడంపేట లాంటి పల్లెల కుర్రాళ్ళు మొదట పరిశోధకులకు తోడుగా వెళ్ళి, లెక్కలు రాసి, తర్వాత తామే కమిటీ కట్టుకున్నారు. నెలన్నర దాటాక తాబేలు పిల్లలు ఇసుకలోంచి బయటికొస్తాయి. ఊరి దీపాల వెలుగు చూసి అటు పాకితే చనిపోతాయి కాబట్టి వలలు అడ్డుకట్టి, దారి తప్పినవాటిని ఏరి నీళ్ళలో వదులుతారు. నవంబరు నుంచి మే దాకా ఆ పరిసరాల సముద్రంలో చేపల వేటపై నిషేధం ఉంటుంది. అంటే తాబేలు వల్ల ఆదాయం కోల్పోయే పల్లెల పిల్లలే తాబేలుకు కాపలా కాస్తున్నారు. సరదాకి చేసే పనైతే ఇన్నేళ్లు సాగేది కాదు. ఈ తీరం గురించి ఎక్కడ మాట్లాడినా తమ పేరు వస్తుందన్న గర్వం, తమ లెక్కకు శాస్త్రవేత్తల దగ్గర విలువ ఉందన్న నమ్మకం వాళ్ళను నిలబెట్టాయి.

అందరూ ఒప్పుకునే దాకా ఆగడం

సొంతం అన్న భావాన్ని కలిగించడంలో అన్నిటికన్నా కఠినమైన పద్ధతి పాటించిన సంస్థ కూడా బరంపురం దగ్గరే ఉంది. 1971 తుపాను సహాయానికి మద్రాసు నుంచి జో మడియత్ నాయకత్వంలో కొందరు విద్యార్థులు ఒడిశా వచ్చారు. వాళ్ళలో కొందరు ఇక్కడే ఉండిపోయారు. 1979లో మొహుడా కేంద్రంగా గ్రామ వికాస్ ఏర్పడింది. గంజాం, గజపతి జిల్లాల ఆదివాసీ ఊళ్ళలో మొదలై, తర్వాత తాగునీరు, మరుగుదొడ్ల పనికి ఆ సంస్థ పేరు పొందింది.

వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే. ఊళ్ళో ప్రతి కుటుంబమూ ఒప్పుకుంటేనే పని మొదలవుతుంది. తొంభై తొమ్మిది ఇళ్ళు సరేనని ఒక్క ఇల్లు వద్దన్నా మొదలవదు. సగటున కుటుంబానికి వెయ్యి రూపాయల చొప్పున ఊరంతా కలిసి ఒక నిధి పోగెయ్యాలి. ఉన్నవాళ్ళు ఎక్కువ వేసుకుంటారు, లేనివాళ్ళు తక్కువ వేస్తారు. ఆ నిధి మీద వచ్చే వడ్డీతో రేపు ఊళ్ళో కొత్తగా వేరుపడే కుటుంబాలకూ సౌకర్యం అందుతుంది. రాయి, ఇసుక, కూలి ఊరివాళ్ళే సమకూర్చుకుంటారు. కమిటీలో ఆడవాళ్ళు, మగవాళ్ళు సమానంగా ఉంటారు. దళితుల ఇళ్ళకూ, మిగతావాళ్ళ ఇళ్ళకూ ఒకే ట్యాంకు నుంచి నీళ్ళు వస్తాయి.

ఈ ఒప్పందానికే కొన్ని ఊళ్ళలో చాలా కాలం పట్టింది. తొందరగా లెక్క చూపించాలనుకునే ఏ ఆఫీసూ అంత ఓపిక పట్టదు. కానీ ఆ ఆలస్యమే అసలు పని. ఒప్పుకోని ఆ ఒక్క ఇంటి దగ్గరకి బయటి కార్యకర్త కాకుండా పక్కింటివాళ్ళే వెళ్ళి బతిమాలాల్సి వస్తుంది. అలా బతిమాలిన మనిషి రేపు పైపు పగిలితే చూస్తూ ఊరుకోడు. ఉచితంగా కట్టించి ఇచ్చిన మరుగుదొడ్లలో కట్టెలు దాచుకున్న ఊళ్ళు ఎన్ని లేవు? అక్కడి జనం ఆలోచన లేనివాళ్ళు కారు, వాళ్ళను ఎవరూ అడగలేదంతే.

ఒక చిన్న సంఘం దీన్నుంచి ఏం తీసుకోవచ్చు? కార్యక్రమాన్ని ఖరారు చేసి వలంటీర్లను పిలవడం మానేసి, ఖరారు చెయ్యడానికే పిలవడం. మొదటి రెండు మీటింగులు సాగుతాయి, వాదనలు వస్తాయి, పెద్దలకు విసుగు పుడుతుంది. ఆ విసుగును భరించాలి.

అప్పగింతలో ఏమేం ఉండాలి

ఒక సంఘం పర్లాకిమిడిలో సాయంత్రం తెలుగు తరగతి మొదలుపెట్టిందని అనుకుందాం. పిల్లలు ఒడియా మాధ్యమంలోనో, ఇంగ్లీషు మాధ్యమంలోనో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. డిగ్రీ చదివే ఒక అమ్మాయి నేర్పడానికి ముందుకొచ్చింది. "మంగళవారం, శుక్రవారం ఐదింటికి వచ్చి ఈ పుస్తకంలో ఈ పాఠాలు చెప్పమ్మా" అంటే ఆమెకు పని ఇచ్చినట్టు. అదే ఇలా అంటే సంగతి మారిపోతుంది: "ఈ పన్నెండు మంది పిల్లలు నీ బాధ్యత. ఆరు నెలల్లో వీళ్ళు తెలుగు పేపర్లో హెడ్డింగులు చదవగలగాలి. ఎలా నేర్పుతావో నీ ఇష్టం. పుస్తకాలకు, సుద్దముక్కలకు ఇంత డబ్బు నీ దగ్గరే ఉంటుంది, నెలాఖరుకు లెక్క చెప్పాలి. హాలు తాళం చెవి ఒకటి నీ దగ్గర ఉంచుకో. ఇబ్బంది వస్తే రిటైరైన మాస్టారిని అడుగు."

ఇందులో చేరాల్సిన ఫలితం స్పష్టంగా ఉంది, దారి ఆమెకే వదిలేశారు, డబ్బు చేతికిచ్చారు, హద్దు చెప్పారు, అడగడానికి మనిషిని చూపించారు. వీటిలో ఏది తగ్గినా అప్పగింత కుంటుపడుతుంది. డబ్బు లేకుండా బాధ్యత ఇస్తే ప్రతి సుద్దముక్కకూ ఫోన్ చేసి అడగాలి. అడగడానికి మనిషి లేకుండా ఇస్తే అది అప్పగింత కాదు, వదిలించుకోవడం. ఈ రెండో తప్పు చాలా జరుగుతోంది. "యువతకు అవకాశం ఇచ్చాం" అని చెప్పి, నేర్పకుండా, పరిచయాలు ఇవ్వకుండా పెద్దలు పక్కకు తప్పుకుంటారు. పని పాడయ్యాక "చూశారా, చెప్పాంగా" అంటారు. డెసీ, రయాన్ చెప్పిన రెండో అవసరం ఇక్కడే గుర్తు చేసుకోవాలి. చేతకావడం లేదన్న టెన్షన్‌లో స్వేచ్ఛ ఇచ్చినా మనిషి ఆనందించలేడు.

అసలు పరీక్ష రెండో వారంలో వస్తుంది. ఆ అమ్మాయి అఆలు బట్టీ పట్టించకుండా పిల్లల్ని బజారు వెంట తీసుకెళ్ళి దుకాణాల తెలుగు బోర్డులు చదివిస్తోంది. కమిటీలో ఒక పెద్దాయన చూసి, "ముందు గుణింతాలు రావాలమ్మా, ఇలా కాదు" అంటారు. ఆయన చెప్పింది శాస్త్రప్రకారం సరైనదే కావచ్చు. కానీ ఆ క్షణంలో ఆమె పద్ధతి మార్పిస్తే తరగతి మళ్ళీ ఆయనదైపోతుంది. ఆమె మిగతా నెలలు చెప్పినట్టు చేసి, పరీక్షల వంకతో మానేస్తుంది. ఆయన చెయ్యవలసింది నెలాఖరు దాకా ఆగి, పిల్లలు ఎంత చదవగలుగుతున్నారో ఆమెతో కలిసి చూడడం. ఫలితం రాకపోతే అప్పుడు గుణింతాల మాట ఎత్తితే ఆమె వింటుంది, తనంతట తానే అడుగుతుంది కూడా.

అయితే అన్నీ వలంటీరు ఇష్టానికి వదలకూడదు. రక్తదాన శిబిరం తీసుకుంటే దాతల జాబితా, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలన్న వంతులు, శిబిరం చోటు, అల్పాహారం అన్నీ కుర్రాళ్ళే నిర్ణయించుకోవచ్చు. కానీ దాత వయసు 18కి తక్కువ, 65కి ఎక్కువ ఉండకూడదు. బరువు 45 కిలోలకు, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.5 గ్రాములకు తగ్గకూడదు. ఒకసారి ఇచ్చాక మగవాళ్ళు 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు ఆగాలి. ఈ విషయంలో బ్లడ్ బ్యాంకు సిబ్బంది మాటే చివరిది. సంఖ్య పెంచాలన్న ఉత్సాహంలో ఎవరూ దాన్ని దాటకూడదు. పిల్లల భద్రత, డబ్బు లెక్క కూడా అంతే. హద్దులు ముందే గట్టిగా చెబితే లోపల ఇచ్చిన స్వేచ్ఛ నిజమైనదని వలంటీరుకు నమ్మకం కుదురుతుంది.

అధికారం లేకుండా బాధ్యత మోపడం ఎంత తప్పో, రెండూ కలిపి ఇస్తే ఏమవుతుందో ప్రభుత్వ స్థాయిలోనే ఒడిశా ఒకసారి చూపించింది. 2020 ఏప్రిల్‌లో కరోనా లాక్‌డౌన్ సమయంలో వలస కూలీలు తిరిగొస్తారని తెలిసి, రాష్ట్ర ప్రభుత్వం సర్పంచులకు తమ పంచాయతీ పరిధిలో కలెక్టర్ అధికారాలు ఇచ్చింది. సూరత్ మిల్లుల నుంచి గంజాం పల్లెలకు జనం వేలకు వేలుగా వచ్చారు. బడులే క్వారంటైన్ కేంద్రాలయ్యాయి. ఎవరిని లోపలికి పంపాలి, ఎవరిని పద్నాలుగు రోజులు బడిలో ఉంచాలి అన్నది సర్పంచ్ నిర్ణయం. వార్డు మెంబర్లు, ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాలవాళ్ళు వెంట నిలిచారు. ఎదురు తిరిగినవాళ్ళకు "పైవాళ్ళు చెప్పారు" అని కాకుండా "ఇది నా నిర్ణయం" అని చెప్పగలిగే బలం ఆ ఉత్తర్వు ఇచ్చింది.

సంఘంలో కూడా వలంటీరు బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇదే కావాలి. హాలు యజమాని దగ్గరకి వెళ్ళిన కుర్రాడు అద్దె సంగతి "మా పెద్దలను అడిగి చెప్తా" అనాల్సి వస్తే యజమాని మరుసటిసారి పెద్దలకే ఫోన్ చేస్తాడు. ఆ కుర్రాడి పరువు అక్కడితో పోతుంది. ఇంతవరకు బేరం నీ ఇష్టం అని ముందే చెప్పి పంపాలి.

పాసుబుక్కు పట్టుకున్న చేతులకు ముగ్గుపిండి

ఆడవాళ్ళ విషయం విడిగా చెప్పకపోతే అన్యాయం. ఒడిశాలో 2001 మార్చి 8న మిషన్ శక్తి అనే ప్రభుత్వ మహిళా కార్యక్రమం మొదలైంది. లక్షల మంది మహిళలు స్వయం సహాయక సంఘాల్లో పొదుపు, అప్పులు, బ్యాంకు పనులు నడుపుతున్నారు. నెలకోసారి కూర్చుని పద్దు రాసి, బాకీ ఉన్నవాళ్ళను నిలదీసి, తీర్మానం చదివి సంతకాలు పెట్టించే అనుభవం వాళ్ళకుంది. సరిహద్దు తెలుగు కుటుంబాల ఆడవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. అలాంటి మనిషి తెలుగు సంఘం కార్యక్రమానికి వస్తే ముగ్గులు, హారతి, వంట మాత్రమే ఇస్తారు. కోశాధికారి పదవి లెక్కలు సరిగా రాయడం రాని ఒక మగమనిషి దగ్గర ఏళ్ల తరబడి ఉంటుంది. సంఘానికి మనుషులు దొరకడం లేదనే ముందు, చేతకానివాళ్ళ దగ్గర ఏ బాధ్యత ఉంది, చేతనైనవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు అని చూసుకోవాలి.

భాష కూడా కొందరిని బయటే ఉంచుతోంది. ఇక్కడి పిల్లలు ఫోన్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో, కొందరు ఒడియా లిపిలో రాస్తారు. మీటింగు తీర్మానాలు గ్రాంథికంగా తెలుగులోనే రాయాలంటే వాళ్ళు కలం పట్టుకోరు. ఏ లిపిలో వస్తే ఆ లిపిలో రాయనివ్వండి. భాష మీద ప్రేమ పెరిగితే లిపి అదే వస్తుంది. ఒడియా, సవర స్నేహితులు సాయానికి వస్తే వాళ్ళనూ నిర్ణయంలో కూర్చోబెట్టాలి.

వెళ్ళిపోయేవాళ్ళు, వదలనివాళ్ళు

ఈ ప్రాంతంలో వలంటీర్ల గురించి ఏ ఆలోచనైనా వలసను లెక్కలోకి తీసుకోవాలి. గంజాం కుర్రాళ్ళు సూరత్ వెళ్తారు. గజపతి, రాయగడ పిల్లలు చదువుకో, ఉద్యోగానికో విశాఖపట్నం, హైదరాబాద్, భువనేశ్వర్ వెళ్తారు. ఎంత ప్రేమగా పనిచేసినా రెండు మూడేళ్ల కంటే ఉండరు. "వెళ్ళిపోయేవాళ్ళకు ఎందుకు ఇవ్వాలి" అని పెద్దలు అడుగుతారు. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ పూర్తిగా ఇవ్వడమే దీనికి జవాబు. ఒక్కో బాధ్యతకు ఇద్దరు ఉండాలి, ఒకరు చివరి ఏడాదిలో ఉంటే ఇంకొకరు మొదటి ఏడాదిలో ఉండాలి. ఒక నోటుపుస్తకం ఉండాలి. దాతల నంబర్లు, హాలువాళ్ళతో మాట్లాడిన అద్దె, పోయినసారి ఏది తక్కువపడింది, ఏ ఆఫీసులో ఏ కాగితం అడిగారు అన్నీ అందులో ఉండాలి. మనిషి వెళ్ళినా పని ఎలా చేశాడో మిగలాలి. సూరత్ వెళ్ళిన కుర్రాడు ఏడాది తర్వాత ఫోన్ చేసి "మన శిబిరం ఎలా జరిగింది" అని అడిగితే ఆ సంఘం బాధ్యత సరిగానే ఇచ్చిందని అర్థం.

దీనికి పూర్తిగా ఎదురు ప్రమాదం ఇంకొకటి ఉంది. సొంతం అన్న భావం ముదిరి ఆస్తిగా మారడం. గ్రంథాలయం బాధ్యత తీసుకున్నవాడు ఎవరికీ తాళం ఇవ్వడు, కొత్తవాళ్ళు వస్తే తప్పులు పడతాడు, తాను లేకపోతే తలుపు తెరుచుకోదని గర్వపడతాడు. ఇందాక పెద్దల గురించి చెప్పుకున్న భయమే ఇరవై అయిదేళ్ల వయసులోనూ వస్తుంది. అందుకే ప్రతి బాధ్యతకూ గడువు ఉండాలి, లెక్క అందరి ముందూ చదవాలి. కష్టపడి పనిచేసే ఒక్కడి మీదే అన్నీ వేసే అలవాటు కూడా మానాలి. ఆ మనిషి కాదనడు కాబట్టి ఒకటి తర్వాత ఒకటి ఇస్తూ పోతారు. చివరికి ఒకరోజు అన్నీ కలిపి వదిలేస్తాడు.

పని పెరగడమే మెప్పు

మెప్పు అక్కర్లేదని కాదు. కానీ మనసు పెట్టి పనిచేసే మనిషికి ఏ మెప్పు కావాలో పర్లాకిమిడి చరిత్రలోనే ఉంది. గిడుగు రామమూర్తి అక్కడ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకున్నాడు. సొంత డబ్బుతో బళ్ళు పెట్టించి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించాడు, పుస్తకాలు తయారుచేశాడు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు మంచి బడి నడపమని కోరాడు. తన పని ఇంకొంచెం పెద్దదవడమే ఆయన కోరుకున్న ప్రతిఫలం.

నేటి వలంటీర్లు గిడుగులు కానక్కర్లేదు. కానీ తరగతి బాగా నడిపిన అమ్మాయికి శాలువాతో పాటు రెండో తరగతి కూడా ఇవ్వవచ్చు, కొత్త వలంటీరుకు నేర్పే పని అప్పగించవచ్చు, వచ్చే ఏడాది బడ్జెట్ వేసే చోట కుర్చీ ఇవ్వవచ్చు. ఆమె పెట్టిన పద్ధతిని ఆమె పేరుతోనే మిగతావాళ్ళకు చెప్పవచ్చు.

ఇదంతా ఒకేసారి చెయ్యాలంటే ఏ సంఘానికైనా భయమే. వచ్చే ఉగాదితో మొదలుపెట్టవచ్చు. సభను రెండు భాగాలు చేసి ఒక భాగాన్ని, దానికి సరిపడా డబ్బుతో సహా, ముప్పై ఏళ్ల లోపువాళ్ళకు ఇచ్చెయ్యాలి. కవి సమ్మేళనం పెడతారో, పద్యాల పోటీ పెడతారో, పాత వీధుల ఫోటోలు సేకరించి ప్రదర్శిస్తారో వాళ్ళే తేల్చుకుంటారు. పెద్దలు అడిగినప్పుడే సలహా చెప్పాలి, సాయంత్రం ముందు వరుసలో కూర్చుని చూడాలి. సభ అయిన వారంలోపు మీటింగు పెట్టి, వచ్చిన డబ్బు, ఖర్చయిన డబ్బు, జరిగిన పొరపాట్లు అందరికీ చదివి వినిపించేది కూడా ఆ పిల్లలే అయి ఉండాలి.